ఆడించడమూ ఓ చదువే!

పాట పెడితే చాలు, బంతి విసిరితే చాలు అనిపించే పని. కానీ దానికో డిగ్రీ ఉంది, 560 గంటల ఇంటర్న్‌షిప్ ఉంది, ఆపైన పరీక్ష ఉంది. రిక్రియేషనల్ థెరపీ విద్యార్థులకు ఇప్పుడు వీడియోలూ ఓ తరగతి గదే. వాటిలో ఏముండాలి? ఏది ఉంటే తప్పుదారి పట్టిస్తుంది? తెలుగులో అలాంటివి ఎందుకు రావాలి?

చక్రాల కుర్చీలో ఓ పెద్దాయన. తల ఛాతీమీదికి వాలిపోయింది. చేతులు రెండూ దగ్గరికి ముడుచుకుని ఉన్నాయి. పిలిస్తే పలకరు. ఎదురుగా ఎవరొచ్చి నిలుచున్నా కళ్లెత్తి చూడరు. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఓ వృద్ధుల సంరక్షణ కేంద్రం అది. ఏళ్ల తరబడి ఆయన రోజులు అలాగే గడుస్తున్నాయి. ఓ రోజు ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి ఐపాడ్‌లో పాట పెట్టారు. అంతే, వాలిన తల లేచింది. కళ్లు విప్పారాయి. భుజాలు లయకు ఊగాయి. గొంతులోంచి రాగం బయటికొచ్చింది. అసలు విశేషం హెడ్‌ఫోన్లు తీసేశాక జరిగింది. మీకు ఇష్టమైన గాయకుడెవరని అడిగితే క్యాబ్ క్యాలోవే అని టక్కున చెప్పారు, ఆయన ఎలా పాడేవాడో పాడి వినిపించారు కూడా.

ఆ పెద్దాయన పేరు హెన్రీ. 2012లో ఇంటర్నెట్‌లో వైరల్ అయిన ఈ చిన్న క్లిప్‌ను లక్షలమంది చూశారు. డాన్ కోహెన్ అనే సామాజిక కార్యకర్త మొదలుపెట్టిన ‘మ్యూజిక్ అండ్ మెమరీ’ కార్యక్రమం గురించి మైఖేల్ రొసాటో-బెన్నెట్ తీసిన ‘అలైవ్ ఇన్‌సైడ్’ డాక్యుమెంటరీలోది ఆ దృశ్యం. ప్రసిద్ధ నరాల వైద్యుడు ఆలివర్ శాక్స్ ఆ మార్పును అందులో విడమరిచి చెబుతారు. 2014లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ఆ డాక్యుమెంటరీకి ప్రేక్షకుల అవార్డు వచ్చింది.

మన ఫోన్లలోనూ ఇలాంటివి తరచూ తిరుగుతున్నాయి. వృద్ధాశ్రమంలో పాత సినిమా పాటకు చేతులూపే బామ్మలు, మనవడు డప్పు కొడితే కుర్చీలోంచే చిందేసే తాతలు. చూస్తాం, కళ్లు తుడుచుకుంటాం, పదిమందికీ పంపిస్తాం. అయితే ఈ పనినే వృత్తిగా నేర్చుకుంటున్న విద్యార్థి హెన్రీ వీడియో చూస్తే పుట్టాల్సిన ప్రశ్నలు వేరు. ఆ పాటే ఎందుకు పెట్టారు? అదంటే ఆయనకు ఇష్టమని ఎవరు చెప్పారు? ఆయన చెవి ఎంతవరకు వినగలదో ముందే చూశారా? మర్నాడు ఏమైంది? అదే పాటకు పక్క గదిలోని మనిషి వెక్కివెక్కి ఏడిస్తే అప్పుడేం చేయాలి?

వైరల్ క్లిప్, పాఠం చెప్పే వీడియో ఇక్కడే విడిపోతాయి. క్లిప్ ఫలితాన్ని చూపిస్తుంది. పాఠం ఆ ఫలితానికి ముందున్న వెతుకులాటను, తడబాటును, ఒక్కోసారి ఓటమిని చూపించాలి. పోపు పెట్టడం నుంచి చూపకుండా దించిన కూర గిన్నె ఒక్కటే చూపిస్తే ఎవరికి వంట వస్తుంది?

కాలక్షేపం కాదు

పక్షవాతం వచ్చినవారు, వెన్నెముక దెబ్బతిన్నవారు, డిమెన్షియాతో మరుపులోకి జారుతున్నవారు, మద్యం మానాలని ప్రయత్నిస్తున్నవారు, మేధోపరమైన లోపంతో పుట్టిన పిల్లలు. ఇలాంటివారికి ఆట, పాట, తోటపని, ఈత, బొమ్మలు గీయడం వంటివాటి ద్వారా శరీరంలో, మనసులో, నలుగురితో కలవడంలో మార్పు తెచ్చేవారే రిక్రియేషనల్ థెరపిస్టులు. ఈ వృత్తి బాగా పాతుకుపోయిన దేశం అమెరికా. ఫిలడెల్ఫియాలోని టెంపుల్, సౌత్ కరోలినాలోని క్లెమ్సన్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు లా క్రాస్ ప్రాంగణం వంటిచోట్ల డిగ్రీ స్థాయి నుంచే బోధిస్తారు. చదువులో భాగంగా గుర్తింపు పొందిన థెరపిస్టు పర్యవేక్షణలో కనీసం 14 వారాలు, 560 గంటలు పనిచేయాలి. తర్వాత జాతీయ మండలి, అంటే 1981లో ఏర్పడిన ఎన్‌సీటీఆర్‌సీ, పెట్టే పరీక్ష గట్టెక్కాలి. అప్పుడే పేరు పక్కన సీటీఆర్‌ఎస్ (సర్టిఫైడ్ థెరప్యూటిక్ రిక్రియేషన్ స్పెషలిస్ట్) అని రాసుకోవచ్చు. ఆ గుర్తింపును 5 ఏళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. యూటా, నార్త్ కరోలినా, ఓక్లహోమా, న్యూ హాంప్‌షైర్, న్యూజెర్సీ రాష్ట్రాల్లో ప్రభుత్వ లైసెన్సు కూడా తప్పనిసరి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ప్రతి ఆట వెనుకా నాలుగు అంచెల పని ఉంటుంది. మనిషిని అంచనా వేయడం, ప్రణాళిక రాయడం, అమలు చేయడం, ఫలితాన్ని కొలవడం. ‘తాతగారు ఈ రోజు సంతోషంగా పాల్గొన్నారు’ అని రికార్డులో రాస్తే అక్కడ కుదరదు. ‘20 నిమిషాల ఆటలో, ఒకే ఒక్కసారి గుర్తుచేస్తే, బలహీనంగా ఉన్న ఎడమచేత్తో 5 సార్లు బెలూన్‌ను తాకారు’ అని రాయాలి. వారం తర్వాత ఆ 5 ఎంతైందో చూడాలి. అంకె పెరగకపోతే తాతగారిది తప్పనుకోకూడదు, ఆటను మార్చాలి.

ఈ నాలుగు అంచెల్లో పుస్తకం చదివి నేర్చుకోగలిగేవి రెండో మూడో ఉంటాయేమో. అమలు మాత్రం కళ్లతో చూడాల్సిందే.

> ఆసుపత్రి మంచాల మధ్య మొదలై...
> ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రచురించిన నర్సింగ్ పుస్తకంలోనే, ఏ మార్పూ లేని నాలుగు గోడల్ని చూస్తూ పడుకోవడం రోగిని ఎంత కుంగదీస్తుందో రాశారు. రంగులు, పూలు, సంగీతం, పెంపుడు జంతువు కోలుకోవడానికి సాయపడతాయన్నారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అమెరికన్ రెడ్ క్రాస్ సైనిక ఆసుపత్రుల్లో వినోద కార్యకర్తల్ని నియమించింది. షికాగోలోని హల్ హౌస్‌లో నీవా బోయ్డ్ ఆటలతో మనుషుల్ని కలపడాన్ని 1920లలోనే ఓ శిక్షణగా బోధించారు. ఆమె దగ్గర నేర్చుకున్న వయోలా స్పోలిన్ ఆ ఆటల్నే నాటకరంగంలోకి తీసుకెళ్లారు. 1987లో వచ్చిన అమెరికా సమాఖ్య చట్టం, వృద్ధుల సంరక్షణ కేంద్రాలు అక్కడున్నవారి అభిరుచులకు తగిన కార్యక్రమాలు నడపాలని నిర్దేశించింది.

పదహారు మంది విలుకాళ్లు

ఈ రంగంలో విద్యార్థులకు తప్పకుండా చెప్పే కథ ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిది. నాజీల బారి నుంచి తప్పించుకుని వచ్చిన నరాల వైద్యుడు లుడ్విగ్ గట్‌మన్ 1944లో అక్కడ వెన్నెముక గాయాల విభాగం తెరిచారు. నడుము కింద చచ్చుబడిన సైనికుడంటే మంచంమీద ఒళ్లు పుండ్లు పడి కొద్దికాలంలో కన్నుమూయడమే అనుకునే రోజులవి. గట్‌మన్ వాళ్లను మంచాల మీది నుంచి లేపి కుర్చీల్లో కూర్చోబెట్టారు. చేతికి కర్రలిచ్చి పోలో ఆడించారు, బాణాలిచ్చి గురి చూడమన్నారు. విలువిద్యను ఎంచుకోవడానికి కారణముంది. విల్లు లాగాలంటే భుజాలు, వీపు కండరాలు పనిచేయాలి, కూర్చున్నచోట నడుము నిలబడాలి. కాళ్లు పనిచేయకపోయినా మిగతా శరీరానికి ఆ రెండే ప్రాణం.

1948 జులై 29న లండన్‌లో ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆసుపత్రి పచ్చికలో 16 మంది మాజీ సైనికులు, వారిలో ఇద్దరు మహిళలు, చక్రాల కుర్చీల్లో కూర్చుని బాణాలేశారు. 1960లో రోమ్ చేరేసరికి ఆ ఆటల్లో దాదాపు 400 మంది పాల్గొన్నారు. పారాలింపిక్స్ చరిత్ర అక్కడే మొదలైంది.

మన దేశానికి ఆ వేదికపై తొలి స్వర్ణం తెచ్చిన మురళీకాంత్ పేట్కర్ కథా అలాంటిదే. సైన్యంలో బాక్సర్. 1965 యుద్ధంలో శరీరంలోకి తూటాలు దిగాయి, ఒకటి వెన్నులో ఇరుక్కుపోయింది. నడుము కింద పట్టు తప్పింది. కోలుకోవడంలో భాగంగా నీళ్లలోకి దిగమన్నారు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్ ఈతలో ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచారు. ఆయన జీవితం ఆధారంగా 2024లో ‘చందూ చాంపియన్’ సినిమా వచ్చింది. కథ చెప్పడానికి సినిమా బాగుంటుంది. విద్యార్థి మాత్రం పతకం నాటి ఈతను కాదు, మొదటిసారి కొలనులోకి దించిన రోజును చూడాలి. మెట్టు ఎలా దాటించారు, ఎవరు ఎటువైపు పట్టుకున్నారు, ఎప్పుడు చెయ్యి వదిలారు అన్నవే అతనికి పాఠాలు.

ఒక బెలూన్, ఎనిమిది కుర్చీలు

మంచి పాఠం వీడియో ఎలా ఉంటుందో ఓ చిన్న ఉదాహరణ. కుర్చీల్లో కూర్చున్న ఎనిమిది మంది పెద్దలతో బెలూన్ వాలీబాల్. బయటినుంచి చూస్తే పిల్లలాట. వీడియో మాత్రం ఆట మొదలవకముందే, ఖాళీ గదితో మొదలవుతుంది. అందరూ వచ్చి కూర్చున్నాక థెరపిస్టు ఒక్కో చక్రాల కుర్చీ దగ్గరికి వెళ్లి బ్రేకు వేసి ఉందో లేదో వంగి చూస్తుంది. తుంటి కీలు మార్పిడి జరిగినవారు ముందుకు బాగా వంగకూడదు కాబట్టి, కిందపడ్డ బెలూన్‌ను ఎవరు తీయాలో ముందే చెబుతుంది. రబ్బరు పడనివాళ్లు ఉన్నారేమో ఫైల్లో చూస్తుంది. ఉంటే బెలూన్ బదులు గాలి నింపిన ప్లాస్టిక్ బంతి తీస్తుంది. యుద్ధం చూసివచ్చినవారు గుంపులో ఉన్నా అంతే. బెలూన్ ఠపీమని పేలిందంటే వాళ్లకు ఆ రోజంతా పోయినట్టే.

అసలు బెలూనే ఎందుకు? తేలిక. తగిలినా నొప్పి ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా నెమ్మదిగా దిగుతుంది. మెదడు చూసి, నిర్ణయించి, చెయ్యి లేపమని చెప్పేందుకు కావలసిన ఆ రెండు మూడు సెకన్లను అది ఉదారంగా ఇస్తుంది. పక్షవాతం తర్వాత కొందరికి ఎడమవైపు ప్రపంచం ఉన్నట్టే తోచదు. అలాంటావిడకు బెలూన్‌ను మొదట నేరుగా, తర్వాత కొద్దికొద్దిగా ఎడమకు జరుపుతూ పంపిస్తుంది థెరపిస్టు. వీడియో ఇక్కడ ఆగాలి. బెలూన్ గాల్లో ఉండగానే తెరమీద ప్రశ్న రావాలి: ఇప్పుడు ఆవిడ చెయ్యి లేపకపోతే మీరేం చేస్తారు? పేరుపెట్టి పిలుస్తారా, చెయ్యి పట్టి లేపుతారా, ఇంకాస్త ఆగుతారా?

కొత్తగా వచ్చిన విద్యార్థి ఎక్కువగా చేసే పొరపాటు ఆగలేకపోవడం. నిశ్శబ్దం భరించలేక తనే మాట్లాడేస్తుంది, తనే బంతి విసిరేస్తుంది. అందుకే చాలా కోర్సుల్లో విద్యార్థులు తాము నడిపిన సెషన్‌ను తామే వీడియో తీసుకుని, ఉపాధ్యాయులతో కలిసి కూర్చుని చూస్తారు. రోగి పాత్రను తోటి విద్యార్థో, శిక్షణ పొందిన నటుడో పోషిస్తాడు. తన గొంతు తనే వినడం ఎవరికైనా ఇబ్బందే. ‘ఈ పది నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు నేనే మాట్లాడాను’ అని తెరమీద కనబడ్డప్పుడు కలిగే తెలివిడి మాత్రం ఏ ఉపన్యాసమూ ఇవ్వలేనిది.

2020లో కొవిడ్ వచ్చి ఆసుపత్రులు, వృద్ధుల కేంద్రాలు బయటివారిని లోపలికి రానివ్వనప్పుడు ఈ వీడియోల అవసరం ఒక్కసారిగా పెరిగింది. ఇంట్లోనే కూర్చుని చూసి నేర్చుకోవడం, తెరలోంచే సెషన్ నడపడం అలవాటయ్యాయి. ఆ అలవాటు తర్వాతా పోలేదు.

నాట్యం చేసిన చేతులు... అతుకు వేసిన దృశ్యాలు

2020 నవంబరులో స్పెయిన్ నుంచి ఓ వీడియో ప్రపంచాన్ని చుట్టేసింది. అల్జీమర్స్‌తో బాధపడుతున్న మార్తా గొంజాలెజ్ అనే మాజీ బ్యాలే కళాకారిణి చక్రాల కుర్చీలో ఉన్నారు. ‘స్వాన్ లేక్’ సంగీతం వినిపించగానే ఆమె చేతులు రెక్కల్లా విచ్చుకున్నాయి. మధ్యమధ్యలో వేదికపై నాట్యం చేస్తున్న యువతి పాత దృశ్యాలు. ఆ యువతి మార్తాయే అనుకున్నారంతా. కాదు. ఆ దృశ్యాలు ఉలియానా లొపాత్కినా అనే రష్యన్ కళాకారిణివి. పైగా ఆమె చేస్తున్నది వేరే నాట్యం. వీడియో ప్రచారంలోకి వచ్చేనాటికి మార్తా జీవించే లేరు.

చేతులు కదలడం నిజం. ఆ సంగీతం ఆమెలో దేన్నో తట్టిలేపిందన్నదీ కళ్లముందున్న నిజం. అయినా అతికించిన దృశ్యంతో దాన్ని పెంచి చూపడం వల్ల విద్యార్థి ఓ తప్పుడు లెక్క నేర్చుకుంటాడు. సరైన పాట దొరికితే పాత మనిషి మొత్తంగా తిరిగొస్తాడన్న ఆశ అది. రేపు తన ఎదుటి రోగి కేవలం బొటనవేలు కదిపితే ‘ఇంతేనా’ అనుకుంటాడు. నిజానికి ఆ బొటనవేలే ఆ వారపు పెద్ద వార్త.

పరిశోధన కూడా ఈ జాగ్రత్తే చెబుతోంది. బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో 54 వృద్ధుల కేంద్రాలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టులో డిమెన్షియా ఉన్నవారికి ఇష్టమైన పాటలు వినిపించే కార్యక్రమం నడిపించారు. సిబ్బంది చెప్పిన వివరాలతో లెక్కగడితే ఆందోళన, చిరాకు విషయంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. డిమెన్షియాలో సంగీత చికిత్సపై వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, దిగులు తగ్గడానికి అది బహుశా తోడ్పడుతుందని తేల్చింది. ఆందోళన తగ్గడంపై మాత్రం ప్రభావం పెద్దగా లేదంది. పాట పనికిరాదని దీని అర్థం కాదు. ఎవరికి, ఏ పాట, ఏ వేళ, ఎంతసేపు అన్న పని వదిలేసి యంత్రం తగిలిస్తే చాలదని. హెన్రీ వీడియో చూపించే ప్రతి తరగతిలోనూ ఈ లెక్కల్నీ పక్కనే పెట్టాలి.

ఎవరి ముఖం, ఎవరి అనుమతి?

ఫ్రెడరిక్ వైజ్‌మన్ 1967లో తీసిన ‘టిటికట్ ఫాలీస్’ అనే డాక్యుమెంటరీ, మానసిక రోగులైన ఖైదీలు వేదికమీద పాడుతున్న దృశ్యంతో మొదలవుతుంది. మసాచుసెట్స్‌లోని బ్రిడ్జ్‌వాటర్ ఆసుపత్రిలో ఏటా జరిగే వినోద ప్రదర్శన అది. ఆ వేదిక దాటి లోపలికి వెళ్లిన కెమెరాకు బట్టల్లేకుండా ఖాళీ గదుల్లో బంధించిన మనుషులు కనిపించారు. రోగుల గోప్యతకు భంగమంటూ రాష్ట్రం కోర్టుకెళ్లింది. 1969లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం సినిమాను వైద్యులు, న్యాయవాదులు, సామాజిక కార్యకర్తల వంటి వృత్తులవారికి, ఆ చదువులు చదివే విద్యార్థులకు మాత్రమే చూపవచ్చంది. సామాన్య ప్రేక్షకుల దాకా రావడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది.

పాఠం కోసం తీసిన వీడియో విషయంలో ఇదే ప్రశ్న ఇవాళ్టికీ ఉంది. తన పేరే మర్చిపోయిన మనిషి ‘తీయండి’ అంటే అది ఒప్పుకోవడమేనా? కొడుకు సంతకం పెడితే సరిపోతుందా? మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 24వ సెక్షన్ ప్రకారం మానసిక చికిత్స కేంద్రంలో ఉన్నవారి ఫొటో గానీ మరే వివరం గానీ వారి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. వృద్ధాశ్రమాల్లో పుట్టినరోజు కేకు కోయించి, వాళ్ల ముఖాలతో రీల్స్ పెట్టేవారు ఈ సంగతి ఒక్క క్షణమైనా ఆలోచించాలి. చూసేవారికి రెండు నిమిషాల ముచ్చట. అందులో ఉన్న మనిషికి మాత్రం తను ఎన్నడూ కోరుకోని గుర్తింపు. అందుకే పాఠం వీడియోల్లో రోగి పాత్రకు నటుల్ని పెట్టుకోవడం అన్నివిధాలా మేలు. అనుమతితో తీసిన నిజమైన సెషన్లను తాళం వేసిన తరగతి గదికే పరిమితం చేయాలి.

> తరగతిలో చూడదగ్గ రెండు
> ‘క్రిప్ క్యాంప్’ (2020): న్యూయార్క్ రాష్ట్రంలో వైకల్యం ఉన్న టీనేజర్ల కోసం నడిచిన జెనెడ్ వేసవి శిబిరం కథ. ఆటపాటల మధ్య తొలిసారి మామూలు మనుషుల్లా బతికిన పిల్లలే తర్వాత హక్కుల ఉద్యమకారులయ్యారు. వారిలో ఒకరైన జూడీ హ్యూమన్ 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా సాగిన ధర్నాకు నాయకత్వం వహించారు.
> ‘మర్డర్‌బాల్’ (2005): చక్రాల కుర్చీల్లో రగ్బీ ఆడేవారిపై తీసిన డాక్యుమెంటరీ. 1970లలో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన ఈ ఆటకు మొదట పెట్టిన పేరే సినిమాకూ పెట్టారు. జాలి చూపులతో వచ్చే విద్యార్థికి ఇందులోని దూకుడు గట్టి మందు. రెండూ ఆస్కార్‌కు నామినేట్ అయ్యాయి.

వామనగుంటలు విప్పి చూస్తే

ఈ చదువులో మొదట నేర్పే విద్య, ఒక ఆటను ముక్కలుగా విప్పి అది ఆడేవాళ్ల నుంచి ఏమేం కోరుతుందో చూడటం. ఇంగ్లిషు వీడియోల్లో అందుకు బౌలింగ్, బింగో, గోల్ఫ్ తీసుకుంటారు. చక్రాల కుర్చీలోని మనిషి బౌలింగ్ ఎలా ఆడాలి? ఒడి ఎత్తులో ఓ వాలుబల్ల పెట్టి, దానిపై బంతి ఉంచితే అరచేత్తో తోయడమే. ఇక్కడ థెరపిస్టు మార్చింది మనిషిని కాదు, వస్తువును. మన అజయ్ కుమార్ రెడ్డి సారథ్యం వహించిన అంధుల క్రికెట్‌లో జరిగిందీ అదే. బంతిలో గలగలమనే గోళీలు పెట్టారు, చేతిని కింది నుంచి తిప్పి నేలబారుగా వేయమన్నారు. చూపు లేకపోయినా బ్యాటు అందుకునే ఆట అయింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అజయ్‌కు 2023 సంవత్సరానికి అర్జున అవార్డు వచ్చింది.

అదే కన్నుతో మన వామనగుంటలు చూడండి. చింతగింజల్ని గుంటలోంచి గుప్పిట్లోకి తీయాలి, ఒక్కొక్కటిగా వేళ్ల చివర్లోకి జార్చాలి. పక్షవాతం తర్వాత చేతికి తిరిగి నేర్పే పట్టు సరిగ్గా అదే. పీట ఈ చివర నుంచి ఆ చివరకు చెయ్యి సాగాలి, అంటే కుడిచెయ్యి శరీరం మధ్యగీత దాటి ఎడమకు వెళ్లాలి. గింజలు ఎక్కడ అయిపోతాయో ముందే లెక్కేయాలి. ఎదుటివారి వంతు వచ్చినప్పుడు ఆగాలి. ఆగినప్పుడు కబుర్లు వాటంతటవే వస్తాయి. చేతివేళ్లు, లెక్క, ఓపిక, మాట అన్నీ ఒక్క పీటమీదే!

ఇక మార్పులు. పార్కిన్సన్స్‌తో చెయ్యి వణికేవారికి చింతగింజలు జారిపోతాయి, లోతైన గుంటలు, పెద్ద గవ్వలు కావాలి. చూపు మందగించినవారికి నల్లని పీటమీద తెల్లని గవ్వలు. నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలతో అయితే గింజల్ని ఆ గదిలోకే తేకూడదు, మింగడానికి వీల్లేనంత పెద్ద చెక్క గుండ్లు వాడాలి. మరుపు ముదిరినవారికి గెలుపోటములు వద్దు, గింజలు పంచుకుంటూ పోవడమే ఆట. ఇన్ని సంగతులున్న వీడియో ఒకటి తెలుగులో ఉంటే, ఏ వృద్ధాశ్రమంలో ఆయా అయినా చూసి మర్నాడే ఆడించగలదు.

చట్టంలో పేరుంది, చేతిలో పాఠం లేదు

2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం షెడ్యూల్లో ‘మూవ్‌మెంట్ థెరపిస్ట్’ అన్న వృత్తి ఉంది. ఆర్ట్, డ్యాన్స్ థెరపిస్టులతోపాటు రిక్రియేషనల్ థెరపిస్టునూ అందులో చేర్చారు. గుర్తింపు కాగితం మీదికి వచ్చింది. నేల మీద మాత్రం ఆ పనిని ఆక్యుపేషనల్ థెరపిస్టులు, ప్రత్యేక విద్య ఉపాధ్యాయులు, సామాజిక కార్యకర్తలు, మనసున్న వలంటీర్లు తలా కాస్త పంచుకుని చేస్తున్నారు. సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ, మేధోపరమైన లోపమున్న పిల్లలకు బోధించే ఉపాధ్యాయుల్ని తయారుచేస్తోంది. ఇలాంటి చోట్లనుంచే తెలుగు పాఠాలు మొదలుకావాలి. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో వచ్చిన అంచనా. వాళ్లను చూసుకునేవారిలో అత్యధికులు ఇంట్లోని కోడళ్లు, కూతుళ్లు, భార్యలు. ఇంగ్లిషు వీడియోలు వాళ్లకోసం తీసినవి కావు.

కొడుకుల దగ్గరికి వెళ్లి న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో స్థిరపడిన మన పెద్దల సంగతీ అంతే. అక్కడ అభిరుచులు తెలుసుకోవడానికి వాడే పట్టికల్లో చేపలు పట్టడం, గోల్ఫ్, బొంతలు కుట్టడం వంటివి ఉంటాయి. రామకోటి రాయడం ఉండదు. పూలమాల కట్టడం, ఆవకాయ కలపడం, బతుకమ్మ పేర్చడం ఉండవు. అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టిన తెలుగు బామ్మను ఆ థెరపిస్టు ‘ఏ ఆసక్తీ లేని మనిషి’గా రాసుకునే ప్రమాదముంది. ఆ తప్పు థెరపిస్టుది కాదు, పట్టికది. మనవాళ్లు తీసే వీడియో ఒకటి ఇంగ్లిషు ఉపశీర్షికలతో అక్కడి తరగతి గదికి చేరితే ఈ లోటు తీరుతుంది.

అసలు ‘మీ అభిరుచులేమిటి’ అన్న ప్రశ్నే మన పెద్దల్లో చాలామందికి అతకదు. జీవితమంతా పనిలోనే గడిపిన మనిషి దానికి ఏం చెబుతుంది? వరంగల్ వైపు పల్లెలో ఓ విద్యార్థిని అడగడం ఇలా మొదలవుతుందనుకోండి.

“చిన్నప్పుడు ఏ ఆటలు ఆడేటోళ్లు అవ్వా?”

“ఆటలేంది బిడ్డా, పొద్దుగూకేదాకా పొలం పనేనాయె.”

అంచనా వేయడం అక్కడితో ఆగిపోతే కాగితం ఖాళీ. నేర్చుకున్న విద్యార్థిని మరో ప్రశ్న వేస్తుంది.

“నాట్లేసేటప్పుడు ఏమన్న పాడేటోళ్లా?”

“పాడకుంటే నడుంనొప్పి ఎట్ల మర్చిపోతం!”

దారి దొరికింది. నాట్ల పాటలో ముందు ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే పద్ధతి ఉంది. ఊపిరి నిలపడానికి, మాట తడబడేవారికి, పదిమందిని ఒక లయలోకి తేవడానికి అంతకన్నా మంచి సెషన్ వెతికినా దొరకదు. తెలుగులో మొదటి పాఠం వీడియో తీసేవారు బెలూన్లకన్నా ముందు, ఇలా అడిగే పదిహేను నిమిషాల సంభాషణ తీయాలి. కోస్తాలో ఒకసారి, రాయలసీమలో ఒకసారి, తెలంగాణలో ఒకసారి, ఎక్కడి మాటలో అక్కడ. దానికి స్టూడియో అక్కర్లేదు. స్టాండుమీద నిలిపిన ఫోను, చదివి వినిపించిన సమ్మతి పత్రం, అవ్వ పాత్ర వేయడానికి ముందుకొచ్చే ఓ విశ్రాంత టీచరమ్మ, ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా ఆగగలిగిన ఓ విద్యార్థిని చాలు. మొదటి టేకులో విద్యార్థిని తొందరపడి మాటకు అడ్డొస్తే, ఆ టేకును చెరిపేయకుండా రెండో టేకు పక్కనే పెట్టాలి.